ముద్దాయి అంటే తప్పు రుజువైనోడేనా?

సందేహం: సార్, మాది హన్మకొండ. మాకు తెల్సిన పిల్లగాణ్ని దొంగతనం కేసుల పట్టుకపోయిన్రు. తెల్లారి పేపర్ల ఒక్క వార్తలనే వాణ్ని నిందితుడు, ముద్దాయి, దొంగ అని మూడు తీర్ల రాసిన్రు, పైంగ "విచారణలో నేరం ఒప్పుకున్నాడు" అన్నరు. ముద్దాయి అంటే తప్పు రుజువైనట్టేనా? విచారణ అప్పుడే అయిపోయిందా?

సమాధానం: రెండూ కాదు. ముద్దాయి అన్నా నిందితుడు అన్నా ఇయ్యాల తెలుగుల ఒకటే, కేసు మీద పడ్డ మనిషి, అంతే. తమాషా ఏందంటే ఉర్దూల ముద్దయీ అంటే దావా వేసినోడు, అంటే వాది, మన దగ్గరికి వచ్చేసరికి అది తిరగబడి కూసున్నది. నిజాం కాలంల కోర్టు భాష ఉర్దూనే గద, ఆ కాయితాలల్ల ఇంకో మంచి జోడీ కనబడ్తది: ముల్జిమ్, ముజ్రిమ్. నింద పడ్డోడు ముల్జిమ్, నేరం రుజువైనోడు ముజ్రిమ్. మన నిందితుడు, దోషి కూడ సరిగ్గ గంతే, కని ఆ తేడా పట్టించుకునేటోళ్ళే తక్కువైన్రు.

నిందితుడు దోషి కావాల్నంటే నడుమ శానా జరగాలె. పీపీ, అంటే సర్కారు దిక్కు వకీలు, సాక్షిని బోనెక్కించి చెప్పిస్తడు, అవతలి వకీలు లేసి "రాత్రి పదింటికి చూసినవంటివి, లైటు ఎటు దిక్కున్నది, ముఖం ఎట్ల ఆనవాలు పట్టినవ్" అని క్రాస్ చేస్తడు, జడ్జి ఇద్దరిదీ విని తేలుస్తడు. రుజువు చేసుడు ప్రాసిక్యూషన్ పని, సబబైన అనుమానం మిగిల్తే లాభం నిందితునికే. ఇదంతా కాకముందే "దొంగ" అని రాసుడు ఉత్త తప్పు, భాష లెక్కన కూడ తప్పే.

ఇగ విచారణ. పోలీసోళ్ళు చేసేది దర్యాప్తు, కోర్టుల నడిచేది విచారణ. పేపరోళ్ళు స్టేషన్ల అడిగినా విచారణే, కోర్టుల అడిగినా విచారణే అనేసరికి చదివెటోళ్ళకు తీర్పు వచ్చినట్టే అనిపిస్తది. అసలు పోలీసు ముందట ఒప్పుకున్న మాట ఆ మనిషి మీద రుజువుగ పనికిరాదు, 1872 సాక్ష్య చట్టం 25వ సెక్షన్ల ఉన్న ముచ్చటే ఇది, 2024 జులై 1 నుంచి అమలైతున్న కొత్త చట్టంల 23వ సెక్షన్ అయింది. ఆయన చెప్పిన జాగల సొమ్ము దొరికితే ఆ దొరికిన మేరకు మాట చెల్లుతది, మేజిస్ట్రేట్ ముందట ఇష్టపూర్తిగ ఇచ్చిన వాంగ్మూలం సంగతి వేరు. నిందితుణ్ని ఆయన మీద ఆయనే సాక్ష్యం చెప్పుమని బలవంతం చెయ్యొద్దని రాజ్యాంగం 20(3)ల కూడ ఉన్నది. అందుకే "ఒప్పుకున్నాడు" అని తేల్చి రాయొద్దు, "ఒప్పుకున్నట్టు పోలీసులు చెప్పారు" అని రాయాలె. ఆ ఒక్క "అట్టు"ల ఎవరి మాట ఏదో తెలుస్తది.

మీరు అడగలేదు గని చెప్తున్న: పట్టుకున్నంక తొవ్వ ఖర్చయ్యే టైమ్ తీసేసి 24 గంటల్ల మేజిస్ట్రేట్ ముందట పెట్టాలె, ఎందుకు పట్టుకున్నరో చెప్పాలె, ఆ పిల్లగాడు కోరిన వకీలుతోని మాట్లాడనియ్యాలె. వకీలును పెట్టుకునే పైసల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థల దరఖాస్తు ఇయ్యిన్రి, కస్టడీల ఉన్నోళ్ళకు ఆమ్దానీ చూడకుండనే ఉచితంగ ఇస్తరు.