పర్సోనా 5 రాయల్: డిసెంబర్ 24 తర్వాత నేరుగా ఎండింగ్ వచ్చేసిందా?

ఈ గేమ్‌లో స్కూల్ కౌన్సెలర్ మరుకితో మీ స్నేహం ర్యాంక్ 9కి చేరలేదు, అందుకే రాయల్‌లో కొత్తగా చేర్చిన జనవరి భాగం తెరుచుకోలేదు. మీరు చూసింది దాదాపు 2016 నాటి మొదటి పర్సోనా 5 కథే. "అదనంగా ఏముంది, పాతదానికన్నా ఇది మెరుగా?" అనిపించడం సహజం.

అందరూ తప్పేది ఇక్కడే. కౌన్సెలర్ మరుకి నవంబర్ 18న స్కూల్ వదిలి వెళ్లిపోతాడు. ఆలోపే ర్యాంక్ 9 అవ్వాలి. గేమ్ ఈ గడువు ముందుగా గట్టిగా చెప్పదు, మన దృష్టేమో ప్యాలెస్‌ల (కథలోని ప్రధాన డంజన్ల) మీదే ఉంటుంది.

1. నవంబర్ 18కి బాగా ముందున్న సేవ్ ఉంటే లోడ్ చేయండి. లేకపోతే న్యూ గేమ్ ప్లస్ (పూర్తయిన సేవ్‌తో మళ్లీ మొదటి నుంచి ఆడటం). డబ్బు, నమోదు చేసుకున్న పర్సోనాల (పోరాటంలో వాడే శక్తుల) జాబితా వెంట వస్తాయి, స్నేహ ర్యాంకులు మాత్రం రావు.
2. నర్స్ గదిలో మరుకి కనిపిస్తే మిగతావి ఆపి వెళ్లండి. కౌన్సిలర్ ఆర్కానా (మరుకికి చెందిన వర్గం) పర్సోనా వెంట ఉంచుకుంటే ర్యాంక్ త్వరగా పెరుగుతుంది.
3. డిటెక్టివ్ అకెచితో ర్యాంక్ 8 కూడా కావాలి, నవంబర్ 24లోపు.
4. స్కూల్ జూనియర్ కసుమితో ర్యాంక్ 5, డిసెంబర్ 18లోపు.

పాతదానికన్నా మెరుగా అంటే, నా మాట అవును. కొత్తగా వచ్చిన కిచిజోజి ప్రాంతం, ఎత్తైన చోట్లకు ఎగబాకే గ్రాప్లింగ్ హుక్ బాగున్నాయి, కానీ అసలు బలం జనవరి కథలోనే ఉంది. అది చూశాకే తేల్చుకోండి.