గజ్జలో ఉబ్బుకు ఏడాది ఆగవద్దు

చి. ల. సౌ. ప్రసన్నకు,

పెద్దమ్మ ఆశీస్సులు. బాబు ఏడ్చినప్పుడల్లా కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు వస్తోందని, నిద్రపోతే మాయమవుతోందని, డాక్టరు హెర్నియా, అంటే పేగు జారడం, అన్నారని మీ అమ్మ చెప్పింది. ఏడాది నిండాక చూద్దామని మీ అత్తగారు అంటున్నారట. అందుకే ఈ ఉత్తరం.

ఆవిడను తప్పు పట్టను. నేనూ ఒకప్పుడు అదే అన్నాను. మీ పెద్దన్నయ్యకు పసితనంలో బొడ్డు ఉబ్బితే మా అత్తగారు రాగి కాసు పెట్టి గుడ్డ కట్టారు. రెండేళ్లలో తగ్గింది. కాసు మహిమే అనుకున్నాం. బొడ్డు దగ్గరి హెర్నియా చాలామంది పిల్లల్లో నాలుగైదేళ్లలోపు దానంతట అదే పూడుకుంటుందని, కాసు వల్ల చర్మం ఒరుసుకుపోవడం తప్ప లాభం లేదని తరువాత తెలిసింది. ఆ ధైర్యంతోనే మీ చిన్నన్నయ్య గజ్జను పట్టించుకోలేదు. మూడో నెలలో ఒక రాత్రి ఆ ఉబ్బు రాయిలా గట్టిపడింది. లోపలికి పోలేదు. వాడు గుక్కపట్టి ఏడుస్తూ ఆకుపచ్చగా కక్కాడు. పేగు ఇరుక్కుంది. తెల్లవారేలోగా ఆపరేషన్ చేశారు. పేగు దక్కింది, మన అదృష్టం.

గజ్జలోది పూడుకోదమ్మా. మగపిల్లల వృషణాలు ముందు కడుపులో ఉండి, ఏడో నెల నుంచి కిందికి దిగుతాయి. వాటి వెంట కడుపులోని పొర సన్నని సంచిలా సాగుతుంది. మామూలుగా పుట్టే సమయానికి అటూ ఇటూగా ఆ దారి మూసుకుపోతుంది. సన్నగా మిగిలితే నీరు దిగుతుంది, అది వరిబీజం. దానికి ఏడాది, రెండేళ్లు ఆగవచ్చు. వెడల్పుగా మిగిలితే పేగే జారుతుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో ఇది ఎక్కువ, నీ కొడుకూ ఎనిమిదో నెలవాడే కదా.

పిల్లల సర్జన్‌కే చూపించు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రి‌లో, విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)‌లో ఆ విభాగాలున్నాయి. డాక్టరు ముందు ఉబ్బు కనపడకుండా దాక్కుంటుంది, కాబట్టి కనిపించినప్పుడే ఫోనులో ఫొటో తీసి ఉంచు. నీళ్లు పోసే ముసలమ్మకు గజ్జ నొక్కవద్దని గట్టిగా చెప్పు. పట్టీలు, బెల్టులు వద్దు. ఉబ్బు గట్టిపడినా, ఎర్రబడినా, ఆకుపచ్చని వాంతి అయినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి బయలుదేరు.

ఆపరేషన్ పెద్దదేమీ కాదు. గజ్జ మడతలో చిన్న గాటు పెట్టి సంచిని కట్టేస్తారు. పెద్దవాళ్లకు లోపల ఆసరాగా వేసే వల (మెష్) పసివాళ్లకు వేయరు. చాలామందిని ఆ రోజే ఇంటికి పంపుతారు కానీ, నెలలు తక్కువ పిల్లలకు మత్తు తరువాత ఊపిరి ఆగే భయం ఉంటుంది. ఎనిమిదో నెలలో పుట్టాడని మత్తు డాక్టరుకు నువ్వే చెప్పు. రాత్రి ఉంచమంటే విసుక్కోవద్దు. ముహూర్తం అంటారా, ఆపరేషన్ థియేటర్ ఖాళీగా దొరికిన రోజే ముహూర్తం.

అన్నిటికంటే కష్టం ఆకలి. మత్తుకు ముందు నాలుగు గంటలు తల్లిపాలు కూడా ఇవ్వనివ్వరు. నీ ఒళ్లో ఉంటే పాల వాసనకు ఇంకా ఏడుస్తాడు. తేదీ తెలియగానే ఫోను చెయ్యి, ముందురోజే వస్తాను. ఆ నాలుగు గంటలూ వాణ్ణి నేను ఎత్తుకుంటాను.

మీ పెద్దమ్మ