పాలకొల్లు లాంటి ఊళ్లో ఉండి సోలార్ పని నేర్చుకుంటే బతకొచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాడు, స్నేహితులతో కలిసి కువైట్ వెళ్తానంటున్నాడు, ఇంట్లోవాళ్లకి ఇష్టం లేదు. గ్రీన్ ఎనర్జీలో లక్షల ఉద్యోగాలంటున్నారు కదా, మన పాలకొల్లు, భీమవరం వైపు అవి నిజంగా ఉన్నాయా అని అడిగారు.

పని ఉందండి. కాకపోతే వార్తల్లో చెప్పే ఉద్యోగం వేరు, మీ తమ్ముడికి దొరికే పని వేరు. నేను భీమవరంలో ఇళ్ల మీద సోలార్ బిగిస్తాను. నా దగ్గర చేసే కుర్రాళ్లంతా ఐటీఐ వాళ్లే కాబట్టి చూసిందే చెబుతున్నాను.

ఆ లక్షల లెక్క 2024 అక్టోబరులో వచ్చిన రాష్ట్ర క్లీన్ ఎనర్జీ పాలసీలోది. రూ.10 లక్షల కోట్ల పెట్టుబడి, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యమన్నారు. పెద్ద సోలార్ పార్కులు కర్నూలు, అనంతపురం వైపు ఉన్నాయి. మనకి దగ్గర్లో చెప్పుకోదగ్గది కాకినాడ గ్రీన్ అమోనియా (సోలార్, గాలి కరెంటుతో చేసే అమోనియా) ప్లాంటు. పాత ఎరువుల ఫ్యాక్టరీ చోట ఏడాదికి 10 లక్షల టన్నుల సామర్థ్యంతో తలపెట్టారు. అలాంటివి కట్టేటప్పుడు జనం బాగానే కావాలి. కట్టాక లోపల ఉండేది డిప్లొమా, బీటెక్ వాళ్లే ఎక్కువ.

మనలాంటి వాళ్లకి తిండి పెట్టేది డాబా మీద సోలారే. సీఈఈడబ్ల్యూ, ఎన్‌ఆర్‌డీసీ అనే సంస్థలు వేసిన లెక్క ఒకటుంది. ఒక మెగావాట్ సోలార్‌ని పొలాల్లో పెడితే దాదాపు మూడున్నర మందికి ఏడాది పాటు పని దొరుకుతుందట, అదే కప్పుల మీద పెడితే పాతిక మందికి. నాకందులో ఆశ్చర్యమేమీ లేదు. ప్రతి డాబా ఎక్కి కొలవాలి, ఒక్కో ఇంటికీ ఒక్కో స్టాండు, ఒక్కో వైరింగు, పైగా ఒక్కో ఫైలు. పక్కింటి కొబ్బరి మట్ట నీడ ఏ నెలలో ఎక్కడ పడుతుందో కూడా చూసుకోవాలి. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం తగ్గిపోతుంది. కోనసీమలో అయితే సగం బేరాలు ఈ కొబ్బరిచెట్ల దగ్గరే తెగుతాయి.

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక పని బాగా పెరిగింది. 2 కిలోవాట్లకి రూ.60,000, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78,000 సబ్సిడీ. కిలోవాట్‌కి రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తాయి కాబట్టి మధ్యతరగతి ఇంటికి 3 కిలోవాట్లు సరిపోతాయి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కూడా 12 నుంచి 5 శాతానికి దిగింది.

ఇక్కడే నా భయం కూడా. పథకం మీద బతికే పని ఒక్కసారిగా వచ్చి పడుతుంది, తర్వాత ఖాళీ. వర్షాకాలంలో, మూఢంలో ఎవరూ మొదలుపెట్టరు (మూఢానికీ కరెంటుకీ సంబంధమేంటో అడక్కండి, కస్టమరు మాటే వేదం). మేం ఒక కంపెనీకి సబ్‌కాంట్రాక్టు చేస్తే డబ్బులు నెలల తరబడి ఆపేశారు. అందుకే మీ తమ్ముణ్ని బిగింపు ఒక్కటే నమ్ముకోవద్దనండి.

నిలకడగా డబ్బులొచ్చేది మెయింటెనెన్సులో. మన డెల్టాలో దానికి కొదవ లేదు. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనుము ఆగదు. గాల్వనైజ్డ్ పైపే వాడతాం, కానీ డాబా మీద డ్రిల్లుతో రంధ్రం వేసిన చోట జింకు పూత పోతుంది, తుప్పు అక్కణ్నుంచే మొదలవుతుంది. ఆ రంధ్రం అంచుకి అప్పటికప్పుడు జింకు పెయింటు రాసేవాడే పనివాడు. రాయకపోతే పైకి ఏమీ కనపడదు, రెండేళ్లకి బోల్టు చుట్టూ ఎర్రగా కారుతుంది. ఎర్తింగ్ కూడా అంతే. ఉప్పునేల కాబట్టి రీడింగ్ బ్రహ్మాండంగా వస్తుంది, రాడ్డుని మాత్రం ఆ ఉప్పే త్వరగా తినేస్తుంది. రైసుమిల్లుల పక్క ఇళ్లలో ఊక బూడిద ప్యానెళ్ల మీద పేరుకుంటుంది. కడిగించుకునే ఇళ్లవాళ్లని నాలుగు వీధుల్లో కుదుర్చుకున్నా నెల ఖర్చులు గడుస్తాయి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, మర్నాటి నుంచి నా ఫోను ఆగలేదు. ప్యానెళ్లు ఎగిరిపోయాయని కాదు. "ఎండ కాస్తోంది, ప్యానెళ్లున్నాయి, ఇంట్లో మాత్రం కరెంటు లేదేంటండీ" అని. లైను పోతే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (బయటి కరెంటు లైనుకి కలిపి నడిచేది) దానంతటదే ఆగిపోతుంది. ఆగకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాక్ కొడుతుంది. ఈ మాట ముందే చెప్పే వెండర్లు తక్కువ. ఆ తుపాను తర్వాతే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ల గురించి అడగడం ఎక్కువైంది. ఆ పని తెలిసిన కుర్రాళ్లు ఇంకా తక్కువే ఉన్నారు.

చెరువులున్నాయి కదా, ఆక్వాలో సోలార్‌కి గిరాకీ ఉండదా అని చాలామంది అడుగుతారు. నాకు పెద్ద ఆశ లేదు. చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు గట్టిగా తిరిగేది రాత్రి, ముఖ్యంగా తెల్లవారుజామున, నీళ్లలో ఆక్సిజన్ పడిపోయేటప్పుడు. పైగా ఆక్వా జోన్‌లో యూనిట్ రూపాయిన్నరకే ఇస్తుంటే లక్షలు పోసి ప్యానెళ్లు ఎవరు పెట్టుకుంటారు? ఐసు ఫ్యాక్టరీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు వేరు. పగలంతా లోడు ఉంటుంది, పైన రేకుల షెడ్డు బోలెడంత. అక్కడ బేరం కుదురుతుంది.

అసలు మార్పు రావాలంటే మునిసిపాలిటీలు కదలాలి. డెల్టా పట్టణాలు తాగేది కాలువ నీళ్లే. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేస్తారు కాబట్టి ప్రతి ఊరికీ పెద్ద మంచినీటి చెరువు ఉంటుంది, పక్కనే పగలూ రాత్రీ తిరిగే పంపులు. విశాఖలో ముడసర్లోవ రిజర్వాయరు మీద 2018లోనే 2 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు. మన చెరువుల్లో కొంత మేర అలా వేసి, స్కూళ్లు, ఆఫీసులు, బస్టాండు కప్పులు ఏడాదికి ఇన్నని జాబితా రాసుకుని, బిగింపుతో పాటు ఐదేళ్ల మెయింటెనెన్సుకి కలిపి టెండరు పిలిస్తే, మీ తమ్ముడిలాంటి వాళ్లకి పథకం ఉన్నా లేకపోయినా నెలనెలా జీతం వస్తుంది. అన్నీ ఒకే ఏడాది చేసేసి ఫొటో దిగితే మాత్రం పై ఊళ్ల పెద్ద కంపెనీ వచ్చి బిగించి వెళ్లిపోతుంది, మూడో ఏడు ప్యానెళ్ల మీద బూడిద మిగులుతుంది.

ఇప్పటికి మీరు చేయాల్సింది: కేంద్రం నడిపే సూర్యమిత్ర శిక్షణ సుమారు మూడు నెలలు, ఐటీఐ ఎలక్ట్రీషియన్‌కి అర్హత ఉంది. దగ్గర్లో బ్యాచ్ ఉందేమో నెడ్‌క్యాప్ (సోలార్ లాంటివి చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) జిల్లా ఆఫీసులో కనుక్కోండి. సర్టిఫికెట్ వచ్చినా రాకపోయినా ఆర్నెల్లు ఎవరి దగ్గరైనా హెల్పరుగా చేయాలి. ఎంసీ4 కనెక్టర్ (ప్యానెళ్ల వైర్లని కలిపే ప్లగ్గు) సరిగ్గా క్రింప్ చేయడం, అంటే నొక్కి బిగించడం, క్లాసులో రాదు. వదులుగా ఉంటే ఎండలో వేడెక్కి కాలిపోతుంది.

డబ్బు సంగతి దాచను, మొదటి ఏడాది కువైట్ జీతంతో పోటీ పడదు. రెండేళ్ల తర్వాత సొంత టూల్స్, బండి, పది మంది నమ్మకం ఉంటే అప్పుడు పోల్చి చూసుకోవచ్చు. అతనికి ఎత్తంటే కళ్లు తిరుగుతాయేమో ముందే అడగండి. తిరిగితే ఇన్వర్టర్ సర్వీసు వైపు వెళ్లమనండి, అది కింద నిలబడి చేసే పనే.