మాల్ కొనబోతున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వూ నీ స్నేహితులూ కలిసి ఊరి చివర ఉన్న ఆ పాత మాల్ కొంటున్నారట కదా. అక్క చెప్పింది. అదీ కబుర్లన్నీ అయ్యాక, ఫోన్ పెట్టేయబోతూ, "నీకు తెలిసే ఉంటుందిలే" అంటూ. నాకెలా తెలుస్తుంది? ఉద్యోగం చేసినన్నాళ్లూ మాల్ ఆఫీసులో కూర్చుని కప్పులూ, బాయిలర్లూ, కరెంటు బిల్లులూ చూసుకున్న మేనమామకి తప్ప అందరికీ చెప్పావన్నమాట. కోపం వచ్చిన మాట నిజం. ఆ రాత్రే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ మాల్ ఫొటోలన్నీ వెతికి, నిద్రపోతున్న మీ అత్తని లేపి మరీ "మన పిల్ల కొంటోంది" అని చూపించిన మాటా నిజమే.

లాయర్ని పెట్టుకో, ఇంజనీర్ చేత భవనం చూపించు, నేల కింద పాత పెట్రోలు ట్యాంకులవీ ఉన్నాయేమో పరీక్ష చేయించు, సిటీ ప్లానింగ్ ఆఫీసుకెళ్లి జోనింగ్, అంటే ఆ స్థలంలో ఏం పెట్టనిస్తారో, అడుగు. ఇవన్నీ నీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఆన్‌లైన్ అమ్మకాలు మాల్స్‌ని చంపేశాయని, వేరే రకంగా నడిపితే బతుకుతాయని నువ్వు అంటున్నావట. సగమే నిజం. 1954లో అమెరికా పన్ను చట్టం మార్చి, కొత్తగా కట్టిన భవనాలకి మొదటి ఏళ్లలోనే ఎక్కువ తరుగుదల చూపించుకుని పన్ను తగ్గించుకోనిచ్చారు. దాంతో ఉన్నదాన్ని బాగుచేసుకోవడం కంటే ఖాళీ పొలంలో కొత్తది కట్టడం లాభసాటి అయిపోయింది. ఆ ఊళ్లో అంత జనం ఉన్నారా, అన్ని కొట్లు కావాలా అని అడిగినవాళ్లు తక్కువ. ఒక మాల్‌కి పదిహేను నిమిషాల దూరంలో ఇంకోటి కట్టారు. రెండోది తెరిచిన రోజే మొదటిదానికి జబ్బు మొదలైంది. అమెజాన్ వచ్చేసరికి చాలా మాల్స్ అప్పటికే మంచం పట్టి ఉన్నాయి. కాబట్టి నీ మొదటి ప్రశ్న "ఇక్కడ ఏం పెడదాం" కాకూడదు. చుట్టుపక్కల ఇంకెన్ని మాల్స్ ఉన్నాయి, వాటిలో ఏది బతుకుతుంది, అది నీదేనా? ఇది ముందు తేల్చుకో.

ఇక అసలు విషయం. ఇది నీకు ఎవరూ చెప్పలేదు. మీ నాన్న చెప్పడు, అక్క చెప్పనివ్వదు.

నువ్వు ఆరో క్లాసులో ఉండగా ఇల్లు మారారు, స్కూలు మారావు. నాన్నకి ఉద్యోగం మారింది కాబట్టి అనుకుంటున్నావు కదా? కాదు. అంతకుముందు బావకి ఒక మాల్‌లో వాచీల కొట్టు ఉండేది. వాచీలు, తోలు బెల్టులు, బ్యాగులు. నీకు లీలగా గుర్తుండాలి, కౌంటర్ వెనక స్టూలు మీద కూర్చుని బొమ్మలు గీసేదానివి. ఇంజనీరు ఉద్యోగం మానేసి పెట్టాడు. మంచి బేరం జరిగేది. రెండు పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ల మధ్య దారిలో ఉన్న కొట్టు, జనం రాక తప్పదు.

లీజు మీద సంతకం పెట్టేటప్పుడు బావ అద్దె ఎంత అన్నదే చూశాడు. అందులో మూడు ముక్కలున్నాయి. ఒకటి, కో-టెనన్సీ. పక్కనున్న పెద్ద చెయిన్ కొట్ల లీజుల్లో, ఫలానా యాంకర్ స్టోర్, అంటే మాల్‌కి జనాన్ని లాక్కొచ్చే పెద్ద స్టోర్, మూతపడితే మా అద్దె తగ్గి అమ్మకాల్లో ఇంత శాతం మాత్రమే ఇస్తాం, కొన్నాళ్లలో దాని స్థానంలో ఇంకొకరు రాకపోతే లీజు వదిలేసి పోతాం అని రాసి ఉంటుంది. బావ లీజులో ఆ మాటే లేదు. చిన్నవాడు కాబట్టి వాళ్లు ఇవ్వలేదు, తెలియదు కాబట్టి ఈయన అడగలేదు. రెండోది క్యామ్ చార్జీలు. నడవలో దీపాలు, ఊడ్పించడం, పార్కింగ్‌లో మంచు తీయించడం, సెక్యూరిటీ, ఈ ఖర్చంతా కొట్లవాళ్లకి పంచుతారు. పంచేటప్పుడు మాల్ మొత్తం విస్తీర్ణంతో భాగిస్తారా, అద్దెకి పోయిన విస్తీర్ణంతోనే భాగిస్తారా? బావ లీజులో అద్దెకి పోయిన విస్తీర్ణం అని ఉంది. అంటే పక్క కొట్టు ఖాళీ అయిన ప్రతిసారీ వాడి వాటాలో కొంత ఈయన నెత్తిన పడుతుంది. మూడోది పర్సనల్ గ్యారంటీ. కంపెనీ పేరు మీద తీసుకున్నా, కట్టలేకపోతే నేను నా ఆస్తితో కడతానని రాసిచ్చాడు.

తొంభైల చివర్లో పెద్ద స్టోర్లలో ఒకటి వెళ్లిపోయింది. చెయిన్ కొట్ల అద్దె తగ్గింది, ఈయనది తగ్గలేదు. తర్వాత అవి ఒక్కొక్కటే పోయాయి. ఒక శనివారం నేను వెళ్లాను. శనివారం అంటే ఒకప్పుడు ఆ మాల్‌లో పార్కింగ్ కోసం చుట్టూ తిరగాల్సిన రోజు. మూతపడిన స్టోర్ గోడ మీద పేరు పీకేసినా, అక్షరాలు ఉన్నచోట ఇటుక కొత్తగా కనిపిస్తోంది. అల్లంత దూరం నుంచి చదవొచ్చు. కరెంటు ఆదా చేయాలని నడవలో ఒక దీపం విడిచి ఒకటి ఆర్పేశారు. బావ ఇంటి నుంచి టేబుల్ లాంప్ తెచ్చుకుని, కంటికి భూతద్దం బిగించుకుని, ఎవరో ముసలావిడ వాచీకి బ్యాటరీ వేస్తున్నాడు. లాంప్ పక్కనే ఆ నెల క్యామ్ బిల్లు ఉంది. ఆర్పేసిన దీపాలకి పోయిన నెలకంటే ఎక్కువ కట్టమని.

చివరికి కొట్టు మూసినా లీజు మిగిలింది. గ్యారంటీ పట్టుకుని కోర్టుకి వెళ్లారు, ఇల్లు అమ్మి తీర్చాడు. దాని గురించి ఆయన ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. మళ్లీ ఉద్యోగంలో చేరి, నీకు కొత్త స్కూలు బావుంటుందని మాత్రం చెప్పాడు. నేను చెప్పానని ఆయనతో అనకు. అన్నా ఫరవాలేదులే, ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడుకోవాల్సిందే.

ఇప్పుడు నువ్వు బల్లకి అవతలి వైపు కూర్చోబోతున్నావు. నువ్వు కొనేది భవనం అనుకుంటున్నావు. కాదు, ఆ లీజుల కట్ట. విక్రేత ఇచ్చిన అద్దెల జాబితా కాదు, ఒక్కొక్క లీజూ తెప్పించి చదువు. ఎవరి అద్దె ఏ స్టోర్ మీద ఆధారపడి ఉంది, ఆ స్టోర్ రేపు పోతే ఎంతమంది అద్దె ఒకేసారి పడిపోతుంది, కాగితం మీద గీసుకో. అలాంటి పెద్ద స్టోర్లే సియర్స్ 2018లో, జేసీపెన్నీ 2020లో దివాలాకి వెళ్లినప్పుడు ఎన్నో మాల్స్‌లో ఇదే జరిగింది. ఒక కొట్టు కూలితే మిగతావి పేకమేడలా వచ్చాయి. అంతేకాదు, చాలా మాల్స్‌లో యాంకర్ స్టోరు ఉన్న భవనం, దాని కింద నేల, దాని ముందు పార్కింగ్ ఆ స్టోరువాళ్లవే. మాల్ యజమానికీ వాళ్లకీ మధ్య దశాబ్దాల కింద రాసుకున్న ఒప్పందం ఉంటుంది. ఆర్‌ఈఏ అంటారు. పార్కింగ్‌లో ఒక్క గది కట్టాలన్నా, ఒక గోడ పడగొట్టాలన్నా వాళ్ల సంతకం కావాలని అందులో ఉండొచ్చు. స్టోర్ మూసేసి తాళం వేసుకుని కూర్చున్నవాడికి కూడా చాలాసార్లు ఆ హక్కు పోదు. అది చదవకుండా అడ్వాన్సు ఇచ్చావో, ఊరుకోను.

దేశీ మాల్ చేస్తారట. కిరాణా, డాన్స్ స్కూలు, పెళ్లిళ్ల హాలు. ఆలోచన మంచిదే. అట్లాంటా దగ్గర బ్యూఫర్డ్ హైవే మీద ప్లాజా ఫియెస్టా చూడు, లాటినో కుటుంబాల కోసం తిరిగి నిలబెట్టిన మాల్ అది. కానీ డాన్స్ క్లాసులు సాయంత్రాలూ వారాంతాలే, పెళ్లిళ్లు ముహూర్తాలకే. మంగళవారం పదకొండు గంటలకి ఎవరొస్తారు? ఆ జవాబు నీ దగ్గర లేకపోతే మిగతా లెక్క వేసుకోకు. నాష్‌విల్‌లో వన్ హండ్రెడ్ ఓక్స్ మాల్ పై అంతస్తుకి 2009 ప్రాంతంలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ ఆస్పత్రి వాళ్లు క్లినిక్కులు తెచ్చారు. ఆస్టిన్‌లో హైలాండ్ మాల్ కమ్యూనిటీ కాలేజీ అయింది, జేసీపెన్నీ ఉన్నచోట ఇప్పుడు క్లాసులు జరుగుతున్నాయి. రోగులూ విద్యార్థులూ మంగళవారం కూడా వస్తారు. కొలరాడోలో విల్లా ఇటాలియా మాల్‌ని అయితే చాలామటుకు పడగొట్టి వీధులు వేసి, ఇళ్లూ కొట్లూ కలిపి 2004లో బెల్మార్ అని తెరిచారు. అన్ని కథలూ ఇలా ఉండవు. క్లీవ్‌లాండ్ పక్కన 1976లో ఆర్భాటంగా తెరిచిన రాండల్ పార్క్ మాల్ ఉన్నచోట ఇప్పుడు అమెజాన్ గోడౌన్ ఉంది.

విచిత్రం ఏమిటంటే, ఇదంతా మొదట్లోనే గీసిన బొమ్మ. మొత్తం కప్పు కింద, వేడీ చలీ తెలియకుండా కట్టిన తొలి మాల్ మినెసోటాలోని సౌత్‌డేల్, 1956. దాన్ని గీసిన విక్టర్ గ్రూన్ వియన్నా నుంచి వచ్చినవాడు. చుట్టూ ఇళ్లూ, ఆస్పత్రీ, స్కూళ్లూ, పార్కూ ఉండాలని, మధ్యలో మాల్ ఊరి చావడిలా ఉండాలని ఆయన అనుకున్నాడు. కట్టినవాళ్లు మాల్ కట్టి చుట్టూ పార్కింగ్ పోశారు. ముసలితనంలో ఆయన వీటితో నాకు సంబంధం లేదనేశాడు. ఇప్పుడు అదే సౌత్‌డేల్ చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, జేసీపెన్నీ పోయిన చోట లైఫ్ టైమ్ వ్యాయామశాల వచ్చింది. నన్నడిగితే నీ మాల్‌లో అన్నిటికంటే విలువైనది ఆ ఖాళీ పార్కింగే.

కప్పు సంగతి చెప్పకుండా వదలను. మీ అత్త నవ్వుతోంది, పెళ్లికి వెళ్లినా ఈయన పైకే చూస్తాడని. చూడు మరి. బల్లపరుపు కప్పులు అవి, నీళ్లు తొందరగా పోవు. వాన వెలిసిన మర్నాడు పైకెక్కి ఎక్కడ నిలిచిందో చూడు. కింద నడవలో సీలింగ్ పలకలు చూస్తూ నడువు. పాతబడి పసుపెక్కిన పలకల మధ్య ఒక్కటి తెల్లగా మెరుస్తుంటే, అక్కడ కారుతోందన్నమాట, మచ్చ కనపడకుండా నిన్ననే మార్చారు. ఇంకోటి. ఖాళీ స్టోర్‌లో వేడి ఆపేసి డబ్బు మిగిల్చామంటారు చూడు, ఒహాయో చలిలో అక్కడి మంటలార్పే స్ప్రింక్లర్ పైపులు గడ్డకట్టి పగులుతాయి. రాత్రంతా నీళ్లు పోతాయి, తెల్లారి ఎవడో తలుపు తీస్తేగానీ తెలియదు. మేము అలా ఒక అంతస్తు మొత్తం పోగొట్టుకున్నాం. కొన్న రోజు నుంచి వేడి ఆపొద్దు. అప్పు చేసైనా సరే.

స్నేహితుల డబ్బు ఉంది కదా అందులో. ఎవరెవరు ఎంత నష్టం భరించగలరో ఇప్పుడే అడుగు, మొహమాటపడకు. బ్యాంకు పర్సనల్ గ్యారంటీ అడిగితే నీ ఒక్కదాని సంతకం మీద నడిపించకు. నీ ఇల్లు అందులో పెట్టకు. బతిమాలుకుంటున్నాను.

ఇక కొన్నాక చిన్నవాళ్లు వస్తారు నీ దగ్గరికి. కుట్టుమిషను వాళ్లు, ఫోన్ రిపేరు వాళ్లు, మొదటిసారి కొట్టు పెట్టేవాళ్లు. వాళ్ల లీజులో భాగహారం ఏ విస్తీర్ణంతోనో నువ్వే వేలు పెట్టి చూపించు. వాళ్లు అడగరు.

ఆర్‌ఈఏ, ఆస్తి హక్కుల టైటిల్ రిపోర్టు, లీజులు వచ్చినవి వచ్చినట్టు నాకు మెయిల్ చెయ్యి. ప్రింటు తీసి పెన్సిలుతో చదువుతాను, నాలుగు రోజులు పడుతుంది, తొందరపెట్టకు. ఈ లోపు దేని మీదా సంతకం పెట్టకు. వచ్చే నెల మేమిద్దరం వస్తాం. నిచ్చెన ఎక్కనివ్వనని అత్త ఇప్పటినుంచే అంటోంది. కప్పు మీదకి లోపలినుంచి మెట్లు ఉన్నాయేమో కనుక్కుని ఉంచు.

మీ మావయ్య