పిల్లలు లేచి వెళ్ళకుండా ఉండాలంటే మిస్సమ్మతో మొదలుపెట్టండి

సెలవులకు కడపలో ఇంటిల్లిపాదీ కూడినప్పుడు పాత సినిమా పెడితే, నలుపు తెలుపు అనగానే పిల్లలు లేచి వెళ్ళిపోతున్నారని, ప్రేమా నవ్వూ రెండూ ఉన్నది చెప్పమని అడిగారు కదండీ.

ముందు ‘మిస్సమ్మ’ (1955) పెట్టండి. ఉద్యోగం కోసం పెళ్ళికాని ఇద్దరు భార్యాభర్తలుగా నటించడం కథ. ఎప్పుడు బయటపడుతుందో అన్న ఆత్రంతోనే పిల్లలు కూర్చుంటారు. డిటెక్టివ్‌గా అక్కినేని హడావుడి వాళ్ళకు విందు. పెద్దవాళ్ళు మాత్రం ఈసారి సావిత్రి ముఖాన్నే గమనించాలి. ఎన్టీఆర్ జమునకు సంగీతం నేర్పుతుంటే ఆ ముఖంలోని చిరాకు అసూయగా, అసూయ ప్రేమగా మారుతుంది. అలాంటి నటన నేను మరెక్కడా చూడలేదు. నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డి మీ జిల్లావారేనని కూడా పిల్లలకు చెప్పండి.

మర్నాడు ‘మాయాబజార్’ (1957). దర్శకుడు కె.వి.రెడ్డిది పక్కనే తాడిపత్రి. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసే అల్లరికి నవ్వని పిల్లలు ఉండరు. రంగులే కావాలంటే 2010లో విడుదలైన రంగుల ప్రతి ఉంది. నిడివి మూడు గంటలు, కాబట్టి భోజనాలు ముగించుకుని కూర్చోండి.

ఇంకా కొత్తది అడిగితే జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987). కోట శ్రీనివాసరావు పిసినారితనం ఒక్కటి చాలు.