కల్చర్ రిపోర్టుకు మూడు రోజులెందుకు?

ప్రశ్న: అమ్మకు మూత్రంలో మంట. షుగర్ రిపోర్టు గంటలో ఇచ్చిన ల్యాబ్ వాళ్లు యూరిన్ కల్చర్‌కు మూడు రోజులు ఆగమన్నారు, ఇక్కడ మాకు టెన్షన్. ఎందుకంత ఆలస్యం?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కల్చర్ అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూడటం. బ్యాక్టీరియా పెరగాలి కదండీ, దాన్ని తొందరపెట్టలేం. శాంపిల్‌ను మెకాంకీ అగార్ లాంటి, బ్యాక్టీరియాకు ఆహారమిచ్చే జెల్లీ ఉన్న ప్లేటు మీద గీసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచుతారు, మర్నాటికి గులాబీ చుక్కలు కనిపిస్తే అది లాక్టోజ్‌ను (పాలలోని చక్కెరను) వాడుకునే రకమని తెలుస్తుంది, ఈ.కోలి అనే బ్యాక్టీరియా అలాంటిదే, కానీ క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియా కూడా గులాబీగానే వస్తుంది కాబట్టి రంగు చూసి పేరు రాసేయకూడదు. అందుకే ఈ రెండింటినీ వేరుచేయడానికి రసాయన పరీక్షలు చేస్తారు. ఇండోల్ పరీక్షలో పైన ఎర్రటి వలయం వస్తే ఈ.కోలి వైపే మొగ్గు. సిట్రేట్ పరీక్షలో అయితే క్లెబ్సియెల్లా మామూలుగా నీలం రంగు తెప్పిస్తుంది, ఈ.కోలితో మొదట ఉన్న ఆకుపచ్చ రంగు మారదు.

తర్వాత ఏ మందు పనిచేస్తుందో చూడాలి. ముల్లర్ హింటన్ అగార్ మీద ఆ బ్యాక్టీరియాను పూసి, యాంటీబయాటిక్ అద్దిన కాగితపు బిళ్లలు పెట్టి, మళ్లీ 16 నుంచి 18 గంటలు ఆగుతారు. బిళ్ల చుట్టూ ఏమీ పెరగని వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. పెద్ద వలయం వచ్చిన మందే గొప్పదనుకోకండి, వలయం ఎంతుంటే పనిచేస్తుందనే హద్దు ఒక్కో మందుకు వేరు, ఎంపిక డాక్టరుకే వదిలేయండి.

ఇంకోసారి అవసరమైతే, యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే శాంపిల్ ఇవ్వండి. మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు వేసుకుని వెళ్తే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు.