కేటగిరీ పేజీలో 400 లింకులుంటే గూగుల్ ర్యాంకు దెబ్బతింటుందా?

మీ కేటలాగులో ఒక్కో కేటగిరీ పేజీకి 400 దాకా లింకులున్నాయనీ, వాటిలో సగానికి నోఫాలో (ఈ లింకును పట్టించుకోవద్దని సెర్చ్ ఇంజన్‌కు సూచించే గుర్తు) పెడితే మేలా అనీ అడిగారు. పెట్టవద్దనే నా సలహా. విడిభాగాల కేటలాగు ఒకటి కొన్నేళ్లు చూసుకున్న నేనూ మొదట్లో ఈ లింకుల లెక్క పట్టుకునే చాలా కాలం పోగొట్టుకున్నాను.

పేజీకి 100 లింకులు మించరాదన్న మాట ఊరికే పుట్టలేదు. ఒకప్పుడు గూగుల్ ఒక్కో పేజీలో సుమారు 100 కిలోబైట్ల మేరకే ఇండెక్సులో, అంటే వెతుకులాటకు వాడే తన సూచికలో, చేర్చుకునేది కనుక ఆ సంఖ్యను సూచించింది; ఆ పరిమితి ఏనాడో పోయింది, తర్వాతి మార్గదర్శకాల్లో అది మహా అయితే కొన్ని వేలు అయింది. నోఫాలో సంగతికొస్తే, పేజీ తన లింకులకు పంచే ర్యాంకు బలంలో అలా గుర్తు పెట్టిన లింకు వాటా మిగతా లింకులకు చేరదని గూగుల్ ఇంజనీరు మాట్ కట్స్ 2009లోనే చెప్పారు.

నా అనుభవంలో అసలు బెడద ఫిల్టర్లతోనే వచ్చింది. సర్వర్ లాగ్ (సైటుకు ఎవరెవరు ఏ పేజీ కోసం వచ్చారో రాసుకునే ఫైలు) తెరిచి చూస్తే గూగుల్‌బాట్, అంటే పేజీలను చదివే గూగుల్ ప్రోగ్రాము, కొత్త వస్తువుల పేజీలను వదిలేసి, ముందు రంగు తర్వాత సైజు ఎంచుకున్న చిరునామాను ఒకసారి, ముందు సైజు తర్వాత రంగు ఎంచుకున్న చిరునామాను మరోసారి తెరుస్తోంది. రెండింటిలోనూ ఉన్నవి అవే వస్తువులు. ఐదేసి ఎంపికలున్న నాలుగు ఫిల్టర్లు ఉంటే, ఒక్కోదానిలో ఒకటి ఎంచుకున్నా, ఏదీ ఎంచుకోకున్నా, ఒక్క కేటగిరీకే 1,296 చిరునామాలు తయారవుతాయి. దానికి వస్తువులను పేర్చి చూపే ఐదు రకాల వరుసక్రమం జోడిస్తే 6,480.

అందుకే ఫిల్టర్ల క్రమాన్ని చిరునామాలో ఒకే తీరుగా స్థిరపరిచి, జనం నిజంగా వెతికే కొన్ని కలయికలకు మాత్రం సొంత శీర్షికతో పేజీలు ఉంచి, తక్కినవాటిని రోబోట్స్ ఫైలులో (బాట్లు ఎక్కడికి రాకూడదో చెప్పే ఫైలు) అడ్డుకున్నాను. ఇక్కడే ఒక పొరపాటు చేశాను. అడ్డుకున్న ఆ పేజీలకు నోఇండెక్స్ (ఇండెక్సులో చేర్చవద్దని పేజీలో రాసే ఆదేశం) పెట్టిన రోజే రోబోట్స్ ఫైలులోనూ తలుపు మూశాను. లోపలికి రాలేని బాట్ నోఇండెక్స్‌ను ఎలా చదువుతుంది? పాత చిరునామాలు ఫలితాల్లో అలాగే వేలాడాయి. చివరికి అడ్డు తీసి, అవి ఇండెక్సు నుంచి తొలగిపోయేదాకా ఆగి, మళ్లీ అడ్డు పెట్టవలసి వచ్చింది.

పేజీల వరుస విషయంలో, రెండో పేజీ కనానికల్‌ను (అసలు చిరునామా ఏదో గూగుల్‌కు చెప్పే ట్యాగు) మొదటి పేజీకి చూపించకండి. ప్రతి పేజీ తన చిరునామానే చూపాలి. ‘మరిన్ని చూపించు’ బటన్‌ను గూగుల్‌బాట్ నొక్కదు కాబట్టి తర్వాతి పేజీకి మామూలు లింకు ఒకటి తప్పక ఉండాలి.

నోఫాలో జోలికి పోకముందు ఒక వారం లాగ్ తీసి, గూగుల్‌బాట్ అడిగిన చిరునామాల్లో ప్రశ్నార్థకం (ఫిల్టర్ చిరునామాల్లో సాధారణంగా వచ్చే ? గుర్తు) ఉన్నవి ఎన్నో లెక్కపెట్టి, ఆ సంఖ్య ఇక్కడ రాయండి. గూగుల్‌బాట్ పేరు పెట్టుకు తిరిగే దొంగ బాట్లూ ఉంటాయి, అవి వచ్చిన ఐపీ అడ్రసు సరిచూసుకున్నాకే లెక్కలో వేయండి.